బేనిషాన్‌కు గుర్తు

బంగినపల్లి మామిడికి ఇంకో పేరు బేనిషాన్. పారశీకంలో ‘బే నిషాన్’ అంటే గుర్తు లేనిది. తొక్క మీద మచ్చ ఉండదు కాబట్టి ఆ పేరొచ్చిందంటారు. అలాంటి పండుకి 2017లో చట్టం ఒక గుర్తు వేసింది: భౌగోళిక గుర్తింపు, అదే జీఐ.

నేను సాఫ్ట్‌వేర్‌ వాణ్ణి, పేర్ల గొడవలు మాకు అలవాటే. ట్రేడ్‌మార్క్ హక్కు దేశ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. 2013లో మనం మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో చేరాక ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్ని అడగొచ్చు. అయినా ఏ దేశం ఫీజు దానిదే, కాదనే హక్కూ దానిదే. మొదటి ఐదేళ్లలో ఇక్కడి రిజిస్ట్రేషన్ పోతే, దాని మీద నిలబడ్డ బయటివాటికీ ఆధారం పోతుంది. తలనొప్పే గానీ లెక్క తేలిక: పేరు ఒకడిది, ఖర్చూ లాభమూ వాడివే.

బంగినపల్లి అలా ఒకడిది కాదు. జీఐని అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు పెట్టింది రాష్ట్ర ఉద్యానశాఖ. రైతేమో అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. పరదేశంలో కాపాడాలంటే మళ్లీ ఆ దేశపు చట్టాన్నే పట్టుకోవాలి. డార్జిలింగ్ టీ కోసం టీ బోర్డు అమెరికాలో సర్టిఫికేషన్ మార్క్ తీసుకుంది చూడండి, అలా.

ఇంతకీ ఎవరి నుంచి కాపాడటం? దరఖాస్తులో అప్పటి కర్నూలు జిల్లాలోని బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలు మూలకేంద్రం. మిగతా సీమ, కోస్తా, తెలంగాణ జిల్లాలు రెండో వరుస. అంటే కడప వైపు రైల్వే కోడూరు లోపల, ఖమ్మం కూడా లోపలే. అదే చెట్టు కాసే తమిళనాడు కృష్ణగిరి మాత్రం బయట. ఈ గీత మట్టి గీసింది కాదు. కృష్ణగిరి రైతు తన పండుని బంగినపల్లి అంటే నాకది దొంగతనంలా తోచదు. అంటు ఊరు దాటింది గనకే పేరూ ఊరు దాటింది. ఎవరికీ అంటు ఇవ్వకుండా దాచుకుని ఉంటే ఈ పేరుకి ఇంత ధరే లేదు. బనగానపల్లె తోటల్లో కాసిందని అబద్ధం చెప్పి అమ్మితే, అది వేరే సంగతి. అక్కడ కొనేవాడూ మోసపోతాడు, ఆ ఊరి రైతూ నష్టపోతాడు.

ఆ ఊరికి బాకీ లేదనను. కానీ ఆ బాకీ ఎవరి చేతికి చేరుతోంది? మామిడి తోటల్ని పూత మీదే గుత్తకిచ్చేయడం మనవైపు మామూలే. డల్లాస్‌కి పోయే పెట్టె మీద పేరు అచ్చయ్యేసరికి ఆ పండు రైతుది కాదు. నన్నడిగితే మొదటి రూపాయి అతని పేరు రిజిస్టరులోకి ఎక్కించడానికి పెట్టాలి. అమెరికా ఫీజు సంగతి ఆ తర్వాత చూద్దాం.