కానుక ఎవరి కొరకు?

తలిదండ్రులు లేని హదస్సాను మొర్దెకై కుమార్తెగా పెంచెను (ఎస్తేరు 2:7). అనాథను తన యింట పెంచినవాడు ఆ బిడ్డను కన్నవానితో సమానుడని యూదుల తల్మూదు బోధించుచున్నది. అట్టి యూదు కుటుంబము పరదేశపు శిశువును దత్తత చేసికొనినప్పుడు పొరుగు క్రైస్తవుడు ఏ కానుక ఇయ్యవలెను?

సిలువ గుర్తుగల వస్తువు ఇచ్చువాని భక్తిని చూపునేగాని పుచ్చుకొనువారిని గౌరవింపదు. శిశువు పుట్టకమునుపు కానుకలిచ్చుట యూదులలో అనేకులకు ఆచారము కాదు. గనుక బిడ్డ ఇల్లు చేరువరకు వేచియుండుట మేలు. హెబ్రీలో ‘జీవము’ అను మాటకు సంఖ్య 18. ఆ లెక్కను ధనమిచ్చుట వారి వాడుక. బిడ్డ జన్మభాషలోని పాటల పుస్తకము ఇంకను శ్రేష్ఠము; ఏలయనగా ఆ బిడ్డ క్రొత్త యింటిని పొందెను గాని మొదటి దేశమును విడిచెను. రాణియైన ఎస్తేరు తన జనమును మరువలేదు.

ప్రేమ తన తృప్తిని కాక ఎదుటివాని క్షేమమును వెదకును.