కింది దిక్కుకు దండం



సంక్రాంతి దగ్గరపడింది. "ఈ ఏడు మొక్కలు సరిగ్గా పోలేదండి. కూలోళ్ళకి బట్టలు పెట్టే స్తోమత లేదు. ఏం చెయ్యమంటారు?" అని కడియం నర్సరీ రైతొకాయన అడిగారు.

రాజగృహంలో ఆరు దిక్కులకూ మొక్కుతున్న సిగాలుడికి బుద్ధుడు చెప్పింది గుర్తుచేశాను. కింది దిక్కంటే పనివాళ్ళు. వారిపట్ల యజమాని విధులు 5: శక్తికి తగ్గ పని, తిండీ కూలీ, జబ్బు చేస్తే సాయం, అరుదైన రుచుల్లో వాటా, వేళకి సెలవు. కొత్త బట్టలు ఇందులో లేవు!

బాకీ కూలి భోగికి ముందే ఇచ్చెయ్యండి. అది కానుక కాదు, వాళ్ళ సొమ్మే. కనుమనాడు పనికి పిలవకండి. సంచుల్లో మట్టి నింపే అక్కచెల్లెళ్ళని అరుగు కింద కాదు, మీ పక్కన కూర్చోబెట్టి అరిసె పెట్టండి. "ఈ పచ్చదనం మీ చేతి చలవే" అని నోరారా చెప్పండి.

ఉన్నంతలో సమానంగా పంచుకోవడమే ధమ్మం.