ఆమాత్రం తెలియదా?

ఆట బాగా వచ్చినవాళ్ళు ఎత్తుల గురించి మాట్లాడుకుంటారు. నియమాల గురించి అడిగేది కొత్తగా నేర్చుకునేవాళ్ళే. "అలా ఎందుకు?" అని వాళ్ళు అడిగితే ఎంతటి పాతకాపైనా ఓ క్షణం తడుముకోవలసిందే. ఎప్పుడో చిన్నప్పుడు తనకీ ఆ సందేహం వచ్చే ఉంటుంది. జవాబు దొరక్క, అలవాటు పడిపోయి ఉంటాడు, అంతే.

సంసారంలోనూ ఇంతే కదూ! ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లాలికి ఆ ఇంటి పద్ధతులేవీ వింతగా తోచవు. నిన్నగాక మొన్న గడపలో అడుగుపెట్టిన కోడలికే అన్నీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తాయి. అందుకే కొత్తవాళ్ళ ప్రశ్నలంటే నాకు భలే గౌరవం.

మొన్న వేసవి సెలవుల్లో మా మనవరాలు వాళ్ళ తాతయ్య దగ్గర చదరంగం నేర్చుకుంది. పదేళ్ళ పిల్ల. నేను పక్కన కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ ఆ పాఠాలు వినేదాన్ని. దాని సందేహాలు ఒకటా రెండా! బంటు వెనక్కి ఎందుకు రాకూడదు? ఎదురుగా నిలబడ్డవాణ్ణి వదిలేసి ఐమూలగా ఉన్నవాణ్ణి ఎందుకు చంపుతుంది? మంత్రి బల్లంతా తిరుగుతూంటే రాజుగారు ఒక్క గడి కంటే కదలలేరేం? మా వారు చెప్పి చెప్పి అలిసిపోయి "అది రూలమ్మా, అంతే" అన్నారు. "ఎవరు పెట్టారు?" అంది వెంటనే.

నిజమే, ఎవరు పెట్టారు? చదరంగం మన గడ్డమీద పుట్టిన ఆటే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం – ఈ నాలుగూ కలిపి చతురంగం. వెయ్యిన్నాలుగు వందల ఏళ్ళ కిందటే ఇక్కణ్ణించి పారశీకానికి, అక్కణ్ణించి అరబ్బులకి, వాళ్ళ ద్వారా యూరప్‌కి వెళ్ళింది. మొదట్లో మంత్రి ఐమూలగా ఒక్క గడి నడిచే అర్భకుడే. 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో దానికి బల్లంతా తిరిగే బలం ఇచ్చారు. వాళ్ళు దాన్ని రాణి అంటారు లెండి. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు వెయ్యడం కూడా ఆ దేశాల్లో తర్వాత వచ్చిందే. మన దేశవాళీ ఆటలో బంటుకి ఒక్క అడుగే. అంటే ఈ నియమాలేవీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. మనుషులు కూర్చుని ఒప్పుకున్నవి, అవసరమైనప్పుడు మార్చుకున్నవి.

మారిన నియమాలతో మనవాళ్ళు ఇబ్బంది పడలేదా అంటారేమో. పంజాబుకి చెందిన సుల్తాన్ ఖాన్ అనే ఆయన దేశవాళీ పద్ధతిలో ఆట నేర్చినవాడు. పాశ్చాత్యుల నియమాలు తర్వాత నేర్చుకుని 1929లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లోనూ, 1933లోనూ మళ్ళీ ఆయనే. ఆయన ఏ జమీందారుగారి పరివారంలో ఉండేవాడో ఆ పరివారంలోంచే వెళ్ళిన ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ అయింది. చెప్పొచ్చేదేమిటంటే, నియమం కొత్తదైనంత మాత్రాన మనిషి ఓడిపోడు. ముందుగా తెలిస్తే చాలు, ఏ నియమంతోనైనా నెగ్గుకొస్తాడు.

ఆ 'ముందుగా' అన్న మాట దగ్గరే ఉంది అసలు తిరకాసంతా.

మూడో రోజు కాబోలు, పిల్ల గుర్రం మీద చెయ్యి వేసి, ఏదో ఆలోచించి, తీసేసి ఏనుగుని కదపబోయింది. "ఆగాగు! ముట్టుకున్న పావునే కదపాలి" అన్నారు మా వారు. గుర్రం కదిపితే మంత్రి పోతుంది. పిల్ల మొహం కందగడ్డయింది. "నువ్వు చెప్పలేదుగా తాతయ్యా!" అంది. ఆయన నవ్వుతూ "చదరంగం ఆడేవాళ్ళకి ఆమాత్రం తెలియదా?" అన్నారు.

నా చేతిలో గోరుచిక్కుడు అలాగే ఆగిపోయింది. ఆ మాట ఎన్ని ఇళ్ళల్లో, ఎంతమంది నోట విన్నానో!

మా ఎరికలో ఒక ఇల్లుంది. కొత్త కోడలు వచ్చిన వారానికి మావగారి అక్కగారు చుట్టపుచూపుగా వచ్చారు. ఈ పిల్ల కాఫీ కలిపి తెచ్చి అత్తగారికి మొదటి గ్లాసు ఇచ్చి, తర్వాత ఆవిడకి ఇచ్చింది. అంతే! ఆవిడ గ్లాసు ముట్టలేదు. ఆ ఇంట్లో ఏ మర్యాదైనా ముందు ఆవిడకే జరగాలట. ఈ సంగతి పిల్లకి ఎవరూ చెప్పలేదు. తర్వాత మాత్రం అందరూ ఆ ఒక్క మాటే అన్నారు, "ఆమాత్రం తెలియదా?" అని. ఇప్పుడా కోడలికి ఇద్దరు పిల్లలు. ఆ కాఫీ కథ మాత్రం ఏ పెళ్ళిలో నలుగురూ కలిసినా ఇంకా వేడివేడిగానే బయటికి వస్తుంది.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నియమానికీ పెత్తనానికీ తేడా ఎక్కడుందో నాకు తెలిసినట్టయింది. నియమమన్నది ఆట మొదలుకాకముందే చెప్పాలి. ఇద్దరికీ ఒక్కలాగే వర్తించాలి. ఎందుకని అడిగితే కోపగించుకోకుండా జవాబు చెప్పాలి. ఈ మూడిట్లో ఏది తగ్గినా అది నియమం కాదు, ఉచ్చు.

ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదు అంటాం. ఎందుకంటే బూజు పడుతుంది. అత్తగారు పెట్టినా పడుతుంది, కోడలు పెట్టినా పడుతుంది. అది నియమం. చదరంగమూ అంతే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రే గురువు. 2002లో, పదిహేనేళ్ళ వయసులో ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. మన దేశంలో ఆ హోదా అందుకున్న మొదటి మహిళ ఆమే. బల్ల ముందు కూర్చున్నాక గురువుగారి గుర్రమూ శిష్యురాలి గుర్రమూ ఒక్కలాగే దూకుతాయి కనకనే కదా అంతటి విజయాలు సాధ్యమయ్యాయి!

'ముట్టుకున్న పావు' నియమంలోనూ ఒక దయ ఉంది. పావు గడిలో పక్కకి జరిగి ఉంటే, "సర్దుతున్నాను" అని ముందే ఒక్క మాట చెప్పి సర్దుకోవచ్చు. మనసులో ఏమనుకున్నామన్నది లెక్కలోకి రాదు, నిజమే. కాని పైకి చెప్పడానికి అవకాశం మాత్రం ఇచ్చారు.

ఇంకోనాడు పిల్ల తాతయ్య బలగమంతా ఊడ్చేసింది. ఆయనకి మిగిలింది రాజు ఒక్కడే. దానికి మంత్రి, ఏనుగు కూడా ఉన్నాయి. ఒక ఎత్తు వేసి "గెలిచానోచ్!" అని గెంతింది. చూస్తే రాజుకి చెక్ లేదు, కాని ఎటు కదిలినా చెక్ పడుతుంది. ఈ ఆటలో వంతు వదులుకోవడానికి వీల్లేదు, కదిలి తీరాలి. కదిలే చోటు లేదు. కనక డ్రా! "ఇదేం న్యాయం?" అని పిల్ల ఒకటే గోల.

దాని గోలలోనూ అర్థముంది. ఈ చిక్కుకి లోకం ఒక్కో కాలంలో ఒక్కో తీర్పు చెప్పింది. అరబ్బుల పాత ఆటలో ఇరికించినవాడే గెలిచినట్టు. ఇంగ్లండులో 17, 18 శతాబ్దాల్లో ఇరికించినవాడే ఓడినట్టు! తర్వాత ఇద్దరూ సమానమన్నారు. నాకైతే ఈ చివరి తీర్పే నచ్చింది. బలవంతుడికి ఓడించే హక్కుంది గాని, ఎదుటివాడికి ఊపిరాడే సందు లేకుండా చేసి, దాన్నే గెలుపని చాటుకునే హక్కు లేదు. కూతుళ్ళనీ కోడళ్ళనీ మాట్లాడితే తప్పు, మాట్లాడకపోతే తప్పు అన్న చోటికి తోసి, "చూశావా, నోరెత్తలేకపోయింది" అని మురిసిపోయేవాళ్ళు ఈ నియమం ఒక్కటి నేర్చుకున్నా బాగుండును.

"బాగానే ఉందమ్మా, ఇంటి పద్ధతులన్నీ పుస్తకం అచ్చువేసి కోడలి చేతిలో పెట్టమంటావా?" అని మీరు నన్ను అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. చదరంగానికి అరవైనాలుగు గళ్ళే, సంసారానికి లెక్కలేదు. పైగా కొన్ని పద్ధతులు ఉన్నాయని వాటిని పాటించేవాళ్ళకే తెలియదు. ఎవరో దాటినప్పుడే అక్కడో గీత ఉన్నట్టు బయటపడుతుంది.

అయితే దానికీ చదరంగంలో ఒక దారి ఉంది. పెద్ద పోటీల్లో ఎవరైనా చెల్లని ఎత్తు వేస్తే, ముందు బల్లని ఆ తప్పు జరగకముందు ఎలా ఉందో అలా తిరిగి సర్దుతారు. ఎదుటివాళ్ళకి ఓ రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. అంతటితో సరి, ఆట సాగుతుంది. మళ్ళీ రెండోసారి తప్పు చేస్తేనే ఆట పోవడం. అంత పట్టింపుల ఆటలోనే మొదటి తప్పుకి ఇంత మన్నింపు ఉంటే, మనుషులు కలిసి బతికే ఇంట్లో ఇంకెంత ఉండాలి!

తెలియక చేసిన మొదటి తప్పు తప్పు కాదు, ప్రశ్న. నోటితో అడగడానికి మొహమాటపడినవాళ్ళు చేతితో అడిగిన ప్రశ్న. దానికి జవాబు చెప్పి, పావులు వెనక్కి సర్ది, "ఇకనుంచి ఇలా" అంటే సరిపోతుంది. "ఆమాత్రం తెలియదా?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినప్పుడు, "మనం ఎప్పుడైనా చెప్పామా?" అని ఓసారి మనసులో అనుకుని చూడండి. చాలాసార్లు ఆ మాట బయటికే రాదు.