అరిటాకు చేతిలో హ్యాండిల్

స్కూటీ కొన్న రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చివర ఒక మాట అంది. "ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే. నువ్వే చూసుకుని నడుపు తల్లీ."

ఈ సామెత నాకు కొత్త కాదు. మగపిల్లలతో మాట్లాడినప్పుడు, లైబ్రరీ నుంచి చీకటిపడ్డాక ఇంటికొచ్చినప్పుడు చాలాసార్లు విన్నదే. రోడ్డు గురించి వినడం మాత్రం అదే మొదలు.

రోడ్డు మీద అది అబద్ధం కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవాళ్లు. చుట్టూ ఇనుప రేకు లేని శరీరాలే ఎక్కువగా చిరిగిపోతున్నాయి.

అయితే చిరిగేది ఎవరన్నది ఒక వాస్తవం. జాగ్రత్త ఎవరి బాధ్యత అన్నది నైతిక ప్రశ్న. సామెత మొదటిది చెప్తున్నట్టే చెప్పి రెండోదాన్ని మన నెత్తిన పెడుతుంది. దెబ్బ తగిలేవాళ్లే కాచుకోవాలన్నది న్యాయం నుంచి పుట్టిన సూత్రం కాదు, బలం నుంచి పుట్టిన అలవాటు. దెబ్బ కొట్టే శక్తి ఎవరికి ఎక్కువో వాళ్ల బాధ్యతే ఎక్కువ కావాలి కదా!

ఇది ఊహాలోకపు మాటేం కాదు. మోటారు సైకిల్ వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చుట్టుకోకుండా. మనం శారీ గార్డు అంటామే, అదే. అక్కడ చీర కట్టుకున్నందుకు ఆడమనిషిని తప్పు పట్టలేదు, చక్రాన్నే కప్పమన్నారు. ముల్లుకి తొడుగు వేయడమంటే ఇదే.

హెల్మెట్ దగ్గరకొచ్చేసరికి కథ మారింది. 1988 చట్టం నడిపేవాళ్లకీ, వెనక కూర్చునేవాళ్లకీ ఇద్దరికీ హెల్మెట్ ఉండాలంది. తలపాగా చుట్టుకునే సిక్కులకి మినహాయింపు ఇచ్చింది. కానీ ఢిల్లీలో ఆడవాళ్లందరికీ చాలాకాలం మినహాయింపు ఉండేది. సిక్కు స్త్రీలకి తప్ప మిగతావాళ్లకి దాన్ని 2014లో ఎత్తేశారు. మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం. ముందు కూర్చున్న భర్తకి హెల్మెట్ ఉంటుంది. వెనక ఒక పక్కకి కూర్చుని, ఒడిలో బిడ్డని, భుజాన సంచీని పట్టుకున్న భార్యకి ఉండదు. చిరిగేది అరిటాకే అని జీవితమంతా హెచ్చరించిన సమాజానికి తీరా ఆ ఆకుని కాపాడాల్సి వచ్చినప్పుడు సామెత గుర్తురాలేదు. ఆ జాగ్రత్తంతా మన ప్రాణం గురించేనా అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

సిగ్నల్ దగ్గర "ఇంట్లో చెప్పొచ్చావా?" అని ఆటో డ్రైవరు అరుస్తాడు. మగవాడిని అంటే చావుకి సిద్ధపడి వచ్చావా అని అర్థం. నన్ను అన్నప్పుడు ఎవరి అనుమతితో వచ్చావనే ఇంకో అర్థం కూడా వినిపిస్తుంది. ఇదంతా రాసుకుని, రోడ్డు మీద స్త్రీ అరిటాకు అని ఒక వ్యాసం ముగించేసేదాన్నే.

కానీ ఒక తెల్లవారుజామున తార్నాక దగ్గర రోడ్డు ఊడుస్తున్న ఒకావిడని నేను గుద్దబోయాను. రోడ్డు ఖాళీగా ఉందని వేగంగా వెళ్తున్నాను. మలుపు తిరిగాక కనిపించింది. బ్రేకు పడింది, బండి పక్కకి జారింది, ఆవిడ చేతిలో చీపురు ఎగిరి పడింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. నా తలకి హెల్మెట్ ఉంది. ఆవిడ తలకి కొంగు ఉంది. నేను నోరు తెరిచేలోగా ఆవిడే అంది, "నాదే తప్పమ్మా, చూసుకోలే."

తప్పు నాది. ఆవిడ తన పని చేస్తోంది, తన చోటులో ఉంది. అయినా నేను "పర్లేదమ్మా" అన్నాను! క్షమించేదానిలా తలూపి బండి స్టార్ట్ చేశాను.

ఆవిడకి కూడా ఎవరో ఆ సామెత చెప్పే ఉంటారు. కులమూ, కూలీ, ఆడపుట్టుకా కలిసి రోజూ చెప్తూనే ఉంటాయి. బస్సు ముందు నేను అరిటాకునే. ఆవిడ ముందు మాత్రం చదువూ, జీతమూ, బండీ ఉన్న ముల్లుని. మనకి జరిగే అన్యాయాన్ని చూడగలిగినంత స్పష్టంగా మన చేతిలోని హ్యాండిల్ మనకి కనిపించదు.

అమ్మ చెప్పిన జాగ్రత్త ఇప్పటికీ పాటిస్తున్నాను. హెల్మెట్ స్ట్రాప్ బిగించుకుంటాను. బస్సు ఎడమ పక్కన డ్రైవరుకి కనిపించని జాగాలో ఉండిపోను. అది బతకడానికి కావలసిన తెలివి. దాన్ని నీతి అనుకోవడమే తప్పు. నీతి నాకంటే మెత్తనివాళ్లు ఎదురైనప్పుడు మొదలవుతుంది.

ఆ మలుపు దగ్గర ఇప్పుడు వేగం తగ్గిస్తాను. ఆవిడ మళ్లీ కనిపించలేదు. ఆవిడ చెప్పిన క్షమాపణ ఇంకా నా దగ్గరే ఉంది.