లేమి వచ్చిన ఇంట ఆరోగ్యం

సంపద, ఆరోగ్యం రెండూ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతులు. రోగం రాకముందే ఆరోగ్యాన్ని, లేమి రాకముందే కలిమిని సద్వినియోగం చేసుకోవాలని దైవప్రవక్త (స) హితవు పలికారు. ఈ రెండింటినీ ఒకేచోట ప్రస్తావించటం గమనార్హం. ఒకటి చేజారితే రెండోదీ చేజారటం మన వాడల్లో చూస్తూనే ఉన్నాం.

అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో 2018లో ఒక పరిశోధన వెలువడింది. 51-61 ఏళ్ల వయసున్న 8,714 మందిని అది ఇరవై ఏళ్లపాటు పరిశీలించింది. రెండేళ్ల వ్యవధిలో ఆస్తిలో 75 శాతం, అంతకుమించి కోల్పోయినవారిలో మరణ ప్రమాదం, ఆస్తి నిలిచినవారికంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది.

మరి హఠాత్తుగా డబ్బు వస్తే? లాటరీ మనకు నిషిద్ధం. అయితే స్వీడన్‌లో లాటరీ సొమ్ము అందినవారిపై 2016లో వెలువడిన అధ్యయనంలో, పెద్దల ఆయుష్షు పెరిగిన దాఖలా కనబడలేదు. కలిమి ఆయుష్షును కొనలేదు. కాని లేమి మనిషిని కుంగదీస్తుంది.

దుకాణం మూతపడిన ఇంట్లో ముందుగా ఆగిపోయేవి బీపీ, షుగరు మాత్రలే. పిల్లల ఫీజు ఆపలేక తండ్రి తన మందులు ఆపుకుంటాడు. వడ్డీ అప్పు నిద్రను హరిస్తుంది. చివరికి ఆస్పత్రి ఖర్చుకు మరో అప్పు! రోగమే ముందు వచ్చి ఆస్తిని కరిగించిన ఇళ్లూ ఉన్నాయి.

ఇలాంటి స్థితిలో సబ్ర్ వహించటమంటే మందులు మానేయటం కాదు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. దివ్యఖుర్ఆన్ పేర్కొన్న ఎనిమిది రకాల జకాత్ హక్కుదారుల్లో రుణగ్రస్తులూ ఉన్నారు. కనుక అర్హులు జకాత్ పుచ్చుకోవటం భిక్ష కాదు, హక్కు. నిరుడు జకాత్ ఇచ్చిన చేయే ఈ ఏడు పుచ్చుకోవలసి రావచ్చు. ఆ చేయి సిగ్గుతో ముందుకు చాచబడదు. అభిమానంతో అడగనివారిని మనమే గుర్తించాలని ఖుర్ఆన్ బోధిస్తోంది.

సోదర సోదరీమణులారా! రమజాన్ వచ్చేదాకా ఆగకండి. వ్యాపారం దెబ్బతిన్న బంధువు ఇంటికి ఈ వారమే వెళ్లండి. “మందులు వేసుకుంటున్నారా?” అని అడగండి. నెలకు సరిపడా మాత్రలు గుట్టుగా అందించండి. వారు మీకు బాకీ ఉంటే గడువివ్వండి. మాఫీ చేయగలిగితే అది మరీ మేలు.

అల్లాహ్ మన సంపదను ఇతరుల ఆరోగ్యానికి సాధనంగా చేయుగాక! ఆమీన్.