తంతే వచ్చే నిజం

2025 సెప్టెంబరులో ఢిల్లీ పోలీసులు మా ఊరు బోధన్ వచ్చి, ఉగ్రవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఒక యువకుణ్ణి పట్టుకెళ్లారు. అతను దోషి అవునో కాదో కోర్టు తేలుస్తుంది. నా మనసులో నాటుకున్నది ఆ రోజుల్లో ఇక్కడి శక్కర్‌నగర్ చాయ్ హోటళ్లలో విన్న మాట: "నాలుగు తగిలిస్తే అన్నీ కక్కుతడు." అన్నవాళ్లు కఠినాత్ములేం కాదు. చదువుకో కొలువుకో పిల్లల్ని హైదరాబాదు పంపినవాళ్లు. 2013లో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలిన సాయంత్రం ఫోన్లు కలవక అల్లాడినవాళ్లు. వాళ్ల భయాన్ని తక్కువ చేయను. ఆ మాటను మాత్రం ఒప్పుకోలేను.

2007 మే 18న మక్కా మసీదు పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు. ఆ తర్వాత పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పోలీసులు ఎత్తుకెళ్లారు. కరెంటు షాకులిచ్చారని వాళ్లు చెప్పారు. మైనారిటీస్ కమిషన్ తరఫున విచారించిన న్యాయవాది రవిచందర్ హింస జరిగిందనే తేల్చారు. వాళ్లపై పెట్టిన కుట్ర కేసులు కోర్టులో నిలవలేదు. ప్రభుత్వం వాళ్లకు నష్టపరిహారం ఇచ్చింది, ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది. దర్యాప్తు వేరే వాళ్ల వైపు మళ్లింది. 2018 ఏప్రిల్ 16న వాళ్లూ నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ తొమ్మిది మందిని చంపిందెవరో పదకొండేళ్ల తర్వాత కూడా ఏ తీర్పూ చెప్పలేకపోయింది.

అమాయకులు దెబ్బలు తింటారన్న ఒక్క కారణంతోనే హింస తప్పంటే నా వాదన సగంలో ఆగినట్టే. నిజంగా బాంబు పెట్టినవాడే దొరికితే? అప్పుడూ వద్దంటాను. కొట్టే గదిలో అడుగుపెట్టే ప్రతివాడూ "వీడే" అని రూఢిగా నమ్మే వెళ్తాడు. 2023లో మన పక్కనే మెదక్‌లో, గొలుసు దొంగతనం కేసులో కెమెరాకు చిక్కిన మనిషిలా ఉన్నాడని ఒక కూలీని పట్టుకెళ్లారు. పోలీసులు కొట్టారని చెప్పుకుని, గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. అక్కడ బాంబు లేదు, ఉగ్రవాదం లేదు. ఉగ్రవాది కోసమని ఒప్పుకున్న దెబ్బ ముందుగా పడేది అడిగే దిక్కులేని ఇలాంటివాడి మీదే.

ఇక దోషి సంగతి. దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో ఎన్ఐఏ కోర్టు ఉరిశిక్ష వేసింది, 2025లో హైకోర్టు ఖాయం చేసింది. ఉరి మీద నాకు వేరే బాధలున్నాయి. అయినా అది వకీలును పెట్టుకోనిచ్చి, సాక్ష్యాలు విని, కారణాలు రాసి ఇచ్చిన తీర్పు. కట్టేసిన మనిషిని కొట్టడంలో ఇవేవీ ఉండవు. అతని ఒంటినే అతని మీదికి ఉసిగొల్పి, ఆ నొప్పి ఆగడానికి ఏ మాట కావాలో ఆ మాట అనిపిస్తాం. నిందితుడి చేత అతనికి వ్యతిరేకంగా బలవంతాన సాక్ష్యం చెప్పించరాదన్న రాజ్యాంగంలోని 20(3) అధికరణం దోషికి కూడా వర్తించేది అందుకే.

కొట్టే ఆ పని చేయాల్సిందీ మన పిల్లలే. 2015లో ఇక్కడి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ మూతబడ్డాక, పోలీసు సెలక్షన్ కోసం తెల్లారకముందే రోడ్ల మీద పరుగులు తీసిన చెరుకు రైతుల కొడుకులు మన చుట్టూ ఉన్నారు. మన భయం తీరడానికి వాళ్ల చేతికి రబ్బరు బెల్టు ఇస్తామా?

ప్రతి ఠాణాలో సీసీ కెమెరాలుండాలని, రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో చెప్పింది. ఎన్ఐఏ లాంటి సంస్థల ఆఫీసులనూ వదల్లేదు. మన ఊరి ఠాణాలో అవి పనిచేస్తున్నాయా అని మనమే వెళ్లి అడగాలి, పట్టుబడినవాడు మనకు గిట్టనివాడైనా సరే.