గెలుపుకు మతం ఉంటుందా? 1934 కలకత్తా లీగ్

1934లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌ను మహమ్మదన్ స్పోర్టింగ్ గెలుచుకుంది. 1898లో మొదలైన ఆ పోటీలో అంతవరకు సైనిక పటాలాలు, యూరోపియన్ల క్లబ్బులే విజేతలు. భారతీయ జట్టు అగ్రస్థానంలో నిలవడం అదే మొదటిసారి. కింది డివిజన్ నుంచి అప్పుడే పైకి వచ్చిన ఆ జట్టు 1938 దాకా వరుసగా ఐదేళ్లూ టైటిల్‌ను ఎవరికీ వదల్లేదు.

1891లో పుట్టిన ఈ క్లబ్బు తన మతాన్ని పేరులోనే చెప్పుకుంది. అందుకే ఆ విజయంతో ఒక తాత్త్విక ప్రశ్న లేచింది. విశ్వాసం మనుషుల్ని ఒక జట్టుగా కూర్చగలదు, సరే. ఆ జట్టు సాధించినది ఆ విశ్వాసం గొప్పతనానికి రుజువవుతుందా?

చదువులో, కొలువుల్లో వెనకబడిన సమాజానికి ఆ క్లబ్బు తల ఎత్తుకునే చోటు ఇచ్చింది. దాన్ని సంకుచితత్వమని కొట్టిపారేయడం అన్యాయం. అయితే గెలుపు ఎలా వచ్చిందో కూడా చూడాలి. నిర్వాహకులు కలకత్తాకే పరిమితం కాకుండా దూరప్రాంతాల నుంచీ మంచి ఆటగాళ్లను పిలిపించారు. లీగ్ వానాకాలంలో సాగుతుంది, మైదానం బురదవుతుంది. వట్టికాళ్లతో ఆడే అలవాటును పక్కనపెట్టి తడి రోజుల్లో బూట్లు తొడిగించారు. ప్రార్థన గుండెకు నిబ్బరం ఇచ్చి ఉండవచ్చు. బురదలో కాలు నిలిపింది మాత్రం బూటు అడుగునున్న మేకులే. 

ఇస్లాంలో కర్మ విలువను నిర్ణయించేది నియ్యత్, అంటే సంకల్పం. గీత కూడా ఫలం మీద మమకారం వదలమంటుంది. ఈ రెండింటిలో ఏ దారిన చూసినా ట్రోఫీ భక్తికి కొలమానం కాదు. ఓడిన జట్టు విశ్వాసం తక్కువదని అనాల్సి వస్తే ఆ మాట ఏ మతానికీ గౌరవం కాదు.

1911లో మోహన్ బగాన్ ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినప్పుడు కలకత్తా ముస్లింలూ పండుగ చేసుకున్నారు. ఆ జట్టులో బూట్లు వేసుకున్న ఒకే ఒక్కడు సుధీర్ చటర్జీ, క్రైస్తవుడు. 1934 గెలుపును కూడా తెల్లవారిపై భారతీయుల విజయంగా చూసిన హిందువులు ఉన్నారు. కానీ చట్టసభల సీట్లను మతాల వారీగా పంచిన 1932 నాటి కమ్యూనల్ అవార్డు తర్వాత ప్రతి లెక్కా మతాల వారీగా తేలుతున్న కాలమది. ఆట కూడా క్రమంగా ఆ లెక్కల్లోకి చేరింది, గ్యాలరీలు విడిపోయాయి. ఆ తప్పు ఆటగాళ్లది కాదు.

ఆ గీతలు దాటిన ఆటగాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లిన మహమ్మద్ హబీబ్ తర్వాతి తరం వాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మ్యాచ్ 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. ఆ క్లబ్బు అభిమానులకు అతను బడే మియా.